బావ ఇచ్చిన బూట్లు

“ఎడమ కాలు గట్టిగా ఊనరా. వీపు గోలు వైపే ఉండనీ. బంతి రొమ్ము మీదికి వచ్చేదాకా కదలొద్దు. వచ్చినాక ఒక్కసారిగా తిరుగు.”

వాకిట్లోంచి ప్రేమ్ కుమార్ గొంతు వంటింట్లోకి వినిపిస్తోంది. దోసె తిరగేయబోతున్న మార్త చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

“నా ప్రార్థన విన్నాడే దేవుడు. చూడు, బావా బామ్మర్దులు మళ్ళీ ఎట్లా కలిసిపోయినారో.”

కూతురు జెస్సికా చట్నీ గిన్నె పక్కన పెట్టింది. కిటికీలోంచి చూస్తోంది.

ప్రేమ్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పట్టీలు బిగించిన ఎడమ కాలు ముక్కాలి పీట మీద చాపి ఉంది. చంకకర్ర గోడకు ఆనించి ఉంది. అతను బంతి విసురుతుంటే ఐజాక్ అందుకుని తిరుగుతున్నాడు. మళ్ళీ విసురుతున్నాడు. మళ్ళీ తిరుగుతున్నాడు.

మూడు వారాల క్రితం ప్రాక్టీసులో ఐజాక్ కాలు తగిలే ప్రేమ్ మోకాలి లిగమెంటు తెగిపోయింది. ఆ రోజు నుంచి మొన్న మంగళవారం దాకా ఒకే కప్పు కింద ఉంటూ జెస్సికా భర్త ఆమె తమ్ముడితో ఒక్క మాట మాట్లాడలేదు. ఐజాక్ హాల్లోకి వస్తే ప్రేమ్ టీవీ శబ్దం పెంచేవాడు. ఐజాక్ తినడానికి కూర్చుంటే ప్రేమ్ లేచిపోయేవాడు.

బుధవారం పొద్దున మాత్రం తనే పిలిచాడు. “ఐజాక్, బంతి తీసుకురా.”

ఆ మార్పు ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. ఈరోజు శనివారం. సాయంత్రం నాలుగింటికి కుందలహళ్ళిలో ఫుట్‌బాల్ ఫైనల్ మ్యాచ్. పెద్ద క్లబ్బు నుంచి ఇద్దరు సెలెక్టర్లు వస్తున్నారు. రెండు నెలల క్రితం వాళ్ళు వస్తామన్నది ప్రేమ్ ఆట చూడ్డానికే.

“అమ్మా, నీకేమీ అనిపించలేదా?” అంది జెస్సికా.

“ఏమనిపించాల?”

“మూడు వారాలు మొగం చూడనోడు ఉన్నట్టుండి ఇట్లా నేర్పిస్తాండాడే.”

“మనసు మారింది. మారకూడదా?” మార్త దోసె పళ్ళెంలో వేసింది. “నువ్వు రోజంతా రోగుల్ని చూసి చూసి, బాగుపడేది కూడా నమ్మవు.”

*

నలుగురూ కలిసి తినడం మూడు వారాల్లో అదే మొదటిసారి. మార్త ప్రార్థన చేసింది. మామూలు కంటే పొడుగ్గా చేసింది. ఆమె ‘ఆమెన్’ అన్నాక ప్రేమ్ కూడా గట్టిగానే ‘ఆమెన్’ అన్నాడు. ఐజాక్ పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు.

“తిను రా. సాయంత్రం పరుగెత్తాల,” అన్నాడు ప్రేమ్.

“సరే బావా.”

“మన జట్టులో ఆనేకల్ పిల్లోడు లలిత్ కుడి పక్కనుంచి ఎత్తి కొడతాడు. బంతి నీ మీదికే వస్తాది. నేనుండేటప్పుడు వానికి ఆ చోటు దొరకలేదు. ఇప్పుడు బాగా కొడతాండాడంట కదా.”

“అవును బావా.”

“మూడు మ్యాచ్‌లు ఆడితే మూడూ గెలిచినారు. కోచ్ ఓబళప్ప సారు మొన్న వచ్చినప్పుడు ఏమన్నాడో విన్నావు కదా? ‘నువ్వు పడినాక మాకు కొత్త జట్టు దొరికిందప్పా’ అన్నాడు.” ప్రేమ్ నవ్వాడు. “పాపం, పొగడాలనే అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.”

ఐజాక్ దోసె తుంచుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోవడం లేదు.

ప్రేమ్ చంకకర్ర అందుకుని లోపలికి వెళ్ళాడు. ఒక అట్టపెట్టె తెచ్చి ఐజాక్ పళ్ళెం పక్కన పెట్టాడు.

నల్ల బూట్లు. కొత్తగా నూనె పట్టించి మెరిపించాడు. అడుగున మేకుల్లా పొడుచుకొచ్చిన పొడుగాటి ఇనుప స్టడ్లు. వానాకాలంలో కాడుగోడి బురద మైదానంలో ప్రేమ్ వేసుకునేవి.

“నీ సైజే. మొదటి హాఫ్ నీవి ఏసుకో. రిఫరీ ముందే అందరి బూట్లూ చూస్తాడు, వానికి ఇవి నచ్చవు. హాఫ్ టైములో ఇవి మార్చుకో.”

ఐజాక్ బూట్లకేసి చూశాడు. తర్వాత బావకేసి చూశాడు. ఆ చూపు చాలాసేపు నిలిచింది.

“సరే బావా,” అన్నాడు.

మార్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బూట్ల మీద చెయ్యి పెట్టి మళ్ళీ ప్రార్థన మొదలుపెట్టబోయింది.

“చాలమ్మా,” అన్నాడు ఐజాక్. పెట్టె మూసి సంచిలో వేసుకున్నాడు.

*

“ఏమిటికిచ్చినావు అవి?”

గది తలుపు మూసి అడిగింది జెస్సికా. ప్రేమ్ చొక్కా మార్చుకుంటున్నాడు.

“బామ్మర్దికి బూట్లిస్తే తప్పా?”

“నీ సంగతి నాకు తెలుసప్పా. నీకు కోపమొస్తే అరుస్తావు. అరిచినాక మర్చిపోతావు. ఈసారి అరవలేదు. అదే నాకు భయం.”

“అరిచుండాల్సింది అంటావా?”

“అవును. వాణ్ణి నాలుగు తిట్టుంటే, చెయ్యి చేసుకున్నా, నేను ఇంత బేజారు పడుండను.”

ప్రేమ్ గుండీలు పెట్టుకోవడం ఆపాడు. “నా చోటు వానిదైంది. తొమ్మిదో నంబరు చొక్కా వానిదైంది. నన్ను చూడాలని వచ్చేవాళ్ళు ఈరోజు వాణ్ణి చూస్తారు. నాకు ఇరవైతొమ్మిది. ఆపరేషన్ అయి, మళ్ళీ పరుగెత్తేసరికి ముప్పై దాటిపోతాది. అప్పుడు నన్నెవరు చూస్తారు? ఇంట్లో ఇంక మిగిలింది ఆ బూట్లే. అవి కూడా ఇచ్చేసినా. ఇంకేం ఇయ్యాల, చెప్పు.”

“వాడు కావాలని చేసినాడా?”

ఆమె ఆ ప్రశ్న మూడు వారాలుగా అడగాలనుకుంటూనే ఉంది. నోరు జారి ఇప్పుడు బయటపడింది.

ప్రేమ్ ఆమెకేసి తిరగలేదు. “నీ తమ్ముణ్ణి అడుగు.”

“నాన్న పోయినప్పుడు వానికి పదేళ్ళు. చెయ్యి పట్టుకుని మైదానానికి తీసకపోయింది నువ్వు. మన పెళ్ళికి ముందు నుంచీ వాడు నీ వెనకే తిరిగినాడు. నువ్వే అడగొచ్చు కదా?”

“నేనడగను,” అన్నాడు ప్రేమ్. “వాడే చెప్పాల.”

బయట వ్యాను హారన్ మోగింది. అతను కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. జెస్సికా వాకిలి దాకా వచ్చేసరికి ఐజాక్ బావ చంకకర్ర పట్టుకుని అతన్ని ముందు సీట్లోకి ఎక్కిస్తున్నాడు. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవడం లేదు.

*

నాలుగున్నర దాటాక ఫోన్ మోగింది. మౌనిక. వరంగల్ నుంచి వచ్చి కుందలహళ్ళిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తోంది. శని, ఆదివారాలు జట్టు పిల్లల కాళ్ళు, నడుములు చూసిపెడుతుంది.

“అక్కా, ఐజాక్ బ్యాగ్‌లో ప్రేమన్న పాత బూట్లున్నయ్. హాఫ్ టైమ్‌లో వేస్కుంటా అన్నడు. మీకు తెలుసా?”

“తెలుసు. పొద్దున ఇచ్చినాడు. ఏం?”

“అక్కా, ఈ గ్రౌండ్ మట్టి కాదు. టర్ఫ్. ప్లాస్టిక్ గడ్డి. అంత పొడుగు ఇనుప స్టడ్లు అందులో దిగితే పాదం అక్కడే ఇరుక్కుంటది. పైన ఒళ్ళు తిరుగుతది, కింద పాదం తిరగదు. మధ్యలో మోకాలుంటది. మీరు నర్సు, మీకు నేను చెప్పాల్నా?”

జెస్సికాకు వాకిట్లో విన్న మాటలు గుర్తొచ్చాయి. ఎడమ కాలు గట్టిగా ఊను. ఒక్కసారిగా తిరుగు. నాలుగు రోజులుగా ఆమె కిటికీలోంచి చూసింది అదే.

“ప్రేమ్‌కు ఆ సంగతి తెలిసుండదు,” అంది. చెబుతున్నప్పుడే ఆ మాట తనకే నమ్మకంగా అనిపించలేదు.

“అన్నకు తెల్వకపోవుడేంది? జూనియర్లకు చెప్పేదే అన్న. పోయినేడు ఒకడు అవి వేస్కొని వస్తే గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపిండు.” మౌనిక గొంతు తగ్గించింది. “ఆట మొదలుకాకముందే ఐజాక్‌కు చెప్పిన. వినలే. ఓబళప్ప సార్ సెలెక్టర్ల పక్కన కూర్చుండు, నన్ను దగ్గరికి రానిస్తలేడు. మీరొస్తే బాగుంటదక్కా. ఇంకొకటి. మంగళవారం నేను పంపిన వీడియో అన్న మీకు చూపించిండా?”

“ఏ వీడియో?”

“అయ్యో. నేను అనకుండా ఉండాల్సింది.”

“పంపు,” అంది జెస్సికా.

మార్త చర్చి నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతోంది. “ఎక్కడికే ఆ పరుగు?”

“మ్యాచ్‌కి.”

“నేనూ వస్తా ఉండు. నా కొడుకు ఆట చూడద్దా?”

“వద్దమ్మా!” జెస్సికా అరుపుకి పక్కింటి ఆవిడ కూడా గోడ మీదుగా తొంగి చూసింది. “నువ్వు ఇంట్లోనే ఉండు. నీకు దండం పెడతా.”

మార్త చేతిలో బైబిలుతో అలాగే నిలబడిపోయింది. కూతురు ఎందుకలా అరిచిందో ఆమెకు అర్థం కాలేదు. అడిగేలోపు జెస్సికా సందు మలుపు తిరిగింది.

*

మెట్రోలో కూర్చోవడానికి చోటున్నా ఆమె నిలబడే చూసింది. వీడియో ఇరవై సెకన్లు కూడా లేదు. పిల్లల పరుగులో లోపాలు చూడటానికి ప్రేమ్ పడిన రోజు మౌనిక ప్రాక్టీసును వీడియో తీసింది.

ప్రేమ్ బంతి అందుకుని తిరిగాడు. ఎడమ పక్కనున్న వాడికి ఇచ్చేశాడు. బంతి తెర అంచు దాటిపోయింది. ఓబళప్ప ఈల కూడా వినిపించింది. ప్రేమ్ పరుగు ఆపి నడుస్తున్నాడు. వెనక నుంచి ఐజాక్ వచ్చాడు. తల దించి, వేగం తగ్గించకుండా, నేరుగా ఆ మోకాలి మీదికి జారాడు.

ఆమె రెండోసారి చూడలేదు. ఫోన్ సంచిలో వేసుకుంది.

మంగళవారం ఇది ప్రేమ్ చూశాడు. బుధవారం పొద్దున ఐజాక్‌ను పిలిచాడు.

ఆమె ప్రతిరోజూ ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి వడ్డించింది. భర్త మౌనంలో అహంకారం ఉందనుకుంది. తమ్ముడి మౌనంలో బాధ ఉందనుకుంది. ఇద్దరి గురించీ తనకేమీ తెలియలేదు.

*

ఆమె చేరేసరికి హాఫ్ టైమ్ ముగియబోతోంది. బోర్డు మీద ఇరువైపులా ఒక్కో గోలు. తమ జట్టు గోలు ఐజాక్‌దే అని గేటు దగ్గరున్న కుర్రాళ్ళు గొప్పగా చెప్పుకుంటున్నారు. “పెద్ద క్లబ్బు వాళ్ళు పేరు రాసుకున్నారంట” అని ఒకడు అన్నాడు.

ఐజాక్ నీళ్ళ డ్రమ్ము వెనక నేల మీద ఒంటరిగా కూర్చున్నాడు. కుడి బూటు వేసుకున్నాడు. ఎడమ దానికి లేసు కడుతున్నాడు.

“విప్పు,” అంది జెస్సికా.

అతను తలెత్తాడు. ఇరవై ఏళ్ళ ముఖం చెమటతో తడిసి ఉంది. “నువ్వెందుకొచ్చినావక్కా?”

“అవి విప్పరా. ఈ నేల మీద అవి ఏసుకుంటే నీ కాలు పోతాది. నీ బావ నిన్ను...” ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది. “ఆయన నీకు కావాలనే ఇచ్చినాడు.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“ఇయ్యి ఎట్లాంటివో తెలుసు. బావే కదా మాకందరికీ నేర్పింది. పెట్టె తెరిచినప్పుడే అర్థమైంది.” అతను లేసు బిగించాడు. “బావకు తెలిసిపోయిందక్కా.”

జెస్సికా అతని ఎదురుగా కూలబడింది. “నేనూ చూసినా. వీడియో.”

ఐజాక్ చేతులు ఆగాయి.

“రెండేండ్లు బెంచీ మీద కూర్చున్నా. ఆ రోజు పొద్దున లిస్టులో మళ్ళీ నా పేరు లేదు. వారం రోజులు బావ కుంటితే చాలనుకున్నా. ఒక్క మ్యాచ్ దొరుకుతాది కదా అనుకున్నా. ఇంత అవుతాదనుకోలే. ఆ చప్పుడు విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.”

“మరి చెప్పలేదెందుకురా? మూడు వారాలు!”

“ఎట్ల చెప్పాల? నోరు తెరిస్తే అమ్మ, నువ్వు, అందరూ...” అతను లేచి నిలబడ్డాడు. “బావ శిక్ష ఏసినాడు. నేను తీసుకున్నా. అంతే.”

“అది శిక్ష కాదురా, పిచ్చి! ఇద్దరు కుంటోళ్ళను పెట్టుకుని నేనేం చెయ్యాల?”

ఈల మోగింది. ఐజాక్ ఆమె చెయ్యి విడిపించుకుని మైదానంలోకి పరుగెత్తాడు.

ఆమె ఓబళప్ప దగ్గరికి పరుగెత్తింది. అరవై దాటిన ఆ కోచ్ సెలెక్టర్లను వదిలి గీత దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె చెప్పింది విని ఆయన ముఖం పాలిపోయింది.

“ఆ బూట్లా? ఎవరిచ్చినారమ్మా?” అని బెంచీ వైపు చూశాడు. ఆమె జవాబు చెప్పనక్కర్లేకపోయింది. “అయ్యో ప్రేమూ... బాల్ బయటికి పోనీ తల్లీ. పోయిన వెంటనే వాణ్ణి పిలిచేస్తా. సెలెక్టర్లు ఉండినా సరే.”

బంతి బయటికి పోవడం లేదు.

*

ప్రేమ్ బెంచీ చివర ఒక్కడే కూర్చున్నాడు. జెస్సికా అతని పక్కన కూర్చోలేదు. ముందు నిలబడింది.

“వానికి చెప్పు. నువ్వు పిలిస్తే వస్తాడు.”

అతను మైదానం వైపే చూస్తున్నాడు. రెండు చేతులూ చంకకర్రను నలుపుతున్నాయి.

“నాకన్నీ తెలుసు,” అంది. “వీడియో చూసినా. వాడు చేసింది చూసినా. నువ్వు చేసింది కూడా చూస్తాండా. నాకు ఎవరి మొగమూ చూడబుద్ధి కావట్లేదు.”

“వాడు ఏసుకోడనుకున్నా,” అన్నాడు ప్రేమ్.

“ఏమన్నావు?”

“పెట్టె తెరిచి చూస్తానే అడుగుతాడనుకున్నా. ‘ఏమిటికిట్లా చేస్తాండావు బావా?’ అని. అడిగుంటే నేనూ అడుగుదును. ‘నువ్వు ఏమిటికి చేసినావురా?’ అని. అంతే నాకు కావాల్సింది.” “నాలుగు రోజులు ఎదురు చూసినా. తిరుగు అంటే తిరిగినాడు. ఏసుకో అంటే సరే అన్నాడు. వ్యానులో నా పక్కనే కూర్చున్నాడు. ఇంకా చెప్పలే. నాకు మొండితనం ఎక్కింది, జెస్సీ. చూద్దాం, ఎంత దూరం పోతాడో చూద్దాం అనిపించింది.”

“వాడు చెప్పినాడు.”

ప్రేమ్ మొదటిసారి ఆమె వైపు చూశాడు.

“ఇప్పుడే. నాతో. వారం కుంటితే చాలనుకున్నాడంట. నిద్ర పట్టట్లేదంట. నువ్వేసిన శిక్ష అనుకుని ఏసుకున్నాడు. అర్థమైందా? నీ మీద నమ్మకంతో కాదు. తన్ను తానే నీకు అప్పగించుకున్నాడు.”

ప్రేమ్ మైదానం వైపు తిరిగాడు. చంకకర్ర నేలకు ఊని లేవబోయాడు. మొదటిసారి కుదరలేదు. జెస్సికా చెయ్యి అందించలేదు. రెండోసారి బెంచీ పట్టుకుని లేచాడు.

“ఐజాక్!” అని అరిచాడు. “రేయ్ ఐజాక్! బయటికి రారా!”

అదే క్షణంలో కుడి పక్కన లలిత్ బంతిని ఎత్తి కొట్టాడు. గీత వెంబడి ఉన్న జనమంతా ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు. ప్రేమ్ అరుపు వాళ్ళ కేకల్లో కలిసిపోయింది. అతని ముందు వీపులు తప్ప ఏమీ కనిపించలేదు.

కేకలు పెరిగాయి. పెరుగుతూ ఉండగానే, ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయాయి.

“ఏమైంది?” అన్నాడు ప్రేమ్. “జెస్సీ, ఏమైంది?”

ఆమె బెంచీ ఎక్కింది. గోలు ముందు ఇద్దరు పడి ఉన్నారు. మౌనిక పెట్టె పట్టుకుని పరుగెత్తుతోంది. ఆమె వెనక ఓబళప్ప.

“ఇద్దరు పడినారు,” అంది జెస్సికా.

“ఎవరెవరు?”

“కనపడలే. ఒకడు లేస్తాండాడు.”

“ఎవడు? ఎవడు లేస్తాండాడు, చెప్పు!”

ఇంకా లేవనివాడి కాళ్ళకు నల్ల బూట్లు మెరవడం జెస్సికా చూసింది. బెంచీ మీది నుంచి దూకి, అడ్డమొచ్చిన వాళ్ళను రెండు చేతులతో తోసుకుంటూ మైదానంలోకి పరుగు తీసింది.